ఊరు పేరు లేని ఛాయాచిత్రములు

2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నము మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలములలో మిరప తోటలు నీట నిలిచినవి. తీతకు వచ్చిన పత్తి చెట్టుననే తడిసి రంగు మారినది. ఆ వారములో రైతులు, పంచాయతీ సభ్యులు, గ్రామోద్యోగులు తమ సెల్ ఫోనులతో తీసిన ఛాయాచిత్రములకు లెక్క లేదు. నేడు ఆ చిత్రములను తెరచి చూచినచో కనబడునది ఏమి? నల్లని నేల, మురికి నీరు, ఒరిగిన మొక్కలు, దూరమున ఒక తుమ్మచెట్టు. అది ఎవరి చేనో, ఏ గ్రామపు పొలిమేరలోనిదో, నీరు ఒక పూట నిలిచినదో, ఐదు దినములు నిలిచినదో ఆ చిత్రము చెప్పజాలదు. తీసినవారికి ఆనాడు అన్నియు తెలియును. రెండేండ్లు గడచిన పిమ్మట వారికే సందేహము కలుగును. ఫోను మారినచో, తీసిన మనిషి ఊరు విడిచి పోయినచో, ఇక అడుగుటకు ఎవరును ఉండరు. చిరునామా లేని ఉత్తరము ఎంత చక్కని దస్తూరితో వ్రాసినను తపాలా సంచిలోనే మిగిలిపోవును గదా!

ఫోటోకు చిరునామా వ్రాయుట ఎట్లో తెలుపుటకే ఈ వ్యాసము. ఫోటోను అందముగా తీయు విద్య వేఱు. దానితో మనకు ఇచ్చట పని లేదు.

ఇది పంచాయతీ కార్యదర్శి పని, మనకేల యని సభ్యులలో కొందరు భావింపవచ్చును. ప్రభుత్వ కార్యములందు ఫోటోకు స్థానము జతచేయుట కొంత కాలముగా అలవాటైన మాట నిజమే. ఉపాధి హామీ పథకము క్రింద త్రవ్విన కుంటలు, వేసిన రోడ్లు మొదలగువాటిని 2016 నుండి ఛాయాచిత్రముతో సహా హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రమువారి ‘భువన్’ పటముపై గుర్తించిరి. ఆర్థిక సంఘపు నిధులతో పంచాయతీలు చేపట్టు పనులలో ఆస్తి ఏర్పడు ప్రతి పనిని మొదలిడకముందు, జరుగుచుండగా, ముగిసిన పిదప, మూడు దశలలో స్థాన వివరముతో ఫోటో తీయుటకై కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ ‘ఎం-యాక్షన్‌సాఫ్ట్’ అను సాధనమును సిద్ధపరచినది. ఈ-పంట నమోదులోను చేను ఫోటో, దాని స్థానము చేరినవి. అయితే ఈ సాధనములన్నియు తమకు కావలసిన ప్రశ్ననే అడుగును, తమకు కావలసిన దినముననే అడుగును. తుపాను రాత్రి తెగిన చెరువు కట్టను, ఎండాకాలమున పనిచేయని చేతిపంపును, ఆక్రమణకు గురియగుచున్న డొంకను ఆ క్షణమున చూచునది వార్డు సభ్యుడే. ఆ ఫోటో అతని ఫోనులోనే పుట్టును. దానికి ఊరు పేరు పెట్టవలసిన బాధ్యతయు అతనిదే.

ఫోటోలో దాగియున్న చీటీ

గుంటూరు మిర్చి యార్డులో దింపిన టిక్కీల లాటుకు రైతు పేరు, లాటు నంబరు తెలుపు చీటీ యొకటి యుండును. సరకు చూచువారికి కాయ కనబడును. లెక్క చూచువారికి చీటీ కావలెను. సెల్ ఫోనుతో తీసిన ప్రతి ఫోటోకును ఇట్టి చీటీ యొకటి లోపల కుట్టబడి యుండును. దానికి ‘ఎగ్జిఫ్’ అని పేరు. 1995లో జపాను దేశపు ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘము ఈ పద్ధతిని మొదట ఏర్పరచినది. ఫోటో తీసిన తేదీ, గంట, ఫోను రకము మున్నగునవి దానియందు తమంత తామే వ్రాయబడును. ఫోనులోని కెమేరా అమరికలలో ‘లొకేషన్’ అను మీటను తెరచి యుంచినచో అక్షాంశ రేఖాంశములు కూడ ఆ చీటీలో చేరును. ఆ మీట మూసియున్నచో చేరవు. మన ఫోనులలో అనేకము ఈ మీట మూసియుండగనే పని చేయుచున్నవి. నేడే తీసి చూచుకొనుడు.

ఫోనునకు తానున్న చోటు ఎట్లు తెలియును? భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్న జి.పి.ఎస్. ఉపగ్రహములు ఎల్లప్పుడును తమ గడియారపు వేళను ప్రకటించుచుండును. ఆ వార్త ఫోనును చేరుటకు పట్టిన కాలమును బట్టి ఉపగ్రహము ఎంత దూరమున ఉన్నదో ఫోను లెక్క కట్టును. నాలుగు ఉపగ్రహముల దూరము తెలిసినచో భూమిపై తన చోటు తేలును. మన సర్వేయరు రెండు రాళ్ళ నుండి గొలుసు లాగి మూడవ రాయిని నిర్ణయించినట్లే ఇదియును. 1995లో ఈ అమెరికా ఉపగ్రహ వ్యవస్థ సంపూర్ణముగా పనికి వచ్చినది గాని, సామాన్య ప్రజలకు అందు సంకేతములో బుద్ధిపూర్వకముగా కొంత తప్పు కలిపెడివారు. 2000 సంవత్సరము మే నెలలో ఆ తప్పును తొలగించిరి. నేడు బయలు ప్రదేశమున మామూలు ఫోను ఇంచుమించు ఐదు మీటర్లలోపల తన చోటును చెప్పగలుగుచున్నది. మన దేశము కూడ ‘నావిక్’ అను స్వంత ఉపగ్రహములను నెలకొల్పినది. వాటిని అందుకొనగల ఫోనులును కలవు.

ఇచ్చట రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. జి.పి.ఎస్. పనిచేయుటకు సిమ్ కార్డు సిగ్నలు అవసరము లేదు. తుపానులో టవరు కూలినను ఉపగ్రహము పలుకును. కాకపోతే స్థానము తేలుటకు కొంత ఆలస్యమగును. రెండవది, ఆకాశము కనబడవలెను. పంచాయతీ కార్యాలయపు గదిలో నిలిచియో, దట్టమైన చింతచెట్టు క్రింద నిలిచియో తీసిన ఫోటో చోటు పదుల మీటర్లు తప్పవచ్చును. బయటికి వచ్చి, పటము తెరచి, తానున్న చోట చుక్క నిలకడగా నిలుచువరకు ఒక నిమిషము ఆగి తీయుట మేలు. తొందరపడినచో ఫోను తాను అంతకుముందున్న చోటునే వ్రాసివేయుట కలదు. ప్రొద్దున బజారులో టీ త్రాగిన చోటు చేనిలోని ఫోటోకు అంటుకొని వచ్చును.

అంకెలను చదువుట

గుంటూరు పట్టణము ఇంచుమించు 16.30 ఉత్తర అక్షాంశమున, 80.44 తూర్పు రేఖాంశమున కలదు. ఒంగోలు 15.50, 80.05 వద్ద కలదు. ఈ మిరప, పత్తి మైదానములో ఎచ్చట ఫోటో తీసినను మొదటి అంకె 15 గాని 16 గాని, రెండవది 79 గాని 80 గాని అగుట సామాన్యము. వేఱొకటి కనబడినచో అనుమానింపుడు.

దశాంశ బిందువు తరువాతి అంకెలను చులకనగా చూడరాదు. ఒక అక్షాంశపు డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. కావున 16.3 అని మాత్రమే వ్రాసినచో అది ఊరిని గూర్చి కాదు, మండలమును గూర్చి చెప్పినట్లు. మూడు అంకెలు వ్రాసినచో నూరు మీటర్ల చేరువకు వత్తుము. నాలుగు అంకెలకు పదునొకండు మీటర్లు. ఐదింటికి ఒక మీటరు. పొలపు గట్టులకు ఐదు అంకెలు వ్రాయుడు. ఆపై ఎన్ని వ్రాసినను ఫోనుకు అంత చూపు లేదు.

కొన్ని ఫోనులు డిగ్రీలు, నిమిషములు అను పాత లెక్కలో చూపును. 16.30 డిగ్రీలనగా 16 డిగ్రీల 18 నిమిషములు. దీనిని చూచి 16.18 అని వ్రాసినచో ఆ చోటు దక్షిణముగా 13 కిలోమీటర్లు జరిగిపోవును. మునిగిన చేను ఒక మండలమున, పటముపై చుక్క వేఱొక మండలమున ఉండుటకు ఈ పొరపాటు చాలును. ఇంకొక పొరపాటు మరింత వింతయైనది. అక్షాంశమును రేఖాంశపు గడిలోను, రేఖాంశమును అక్షాంశపు గడిలోను వ్రాసినచో గుంటూరు మిరప చేను ఉత్తర ధ్రువమునకు చేరువగా, నార్వే దేశపు స్వాల్బార్డ్ దీవులకు ఉత్తరమున గడ్డకట్టు సముద్రములో తేలును! రెండు గడులలోను సున్న పడినచో ఆఫ్రికా ఖండపు గినీ సింధుశాఖలో మునుగును. నవ్వు వచ్చు మాటయే గాని, ఇట్టి చుక్కను చూచిన అధికారి ఆ దరఖాస్తును ప్రక్కకు పెట్టినచో తప్పు ఎవరిది?

గంట విషయమునను ఒక చిక్కు కలదు. ఫోటో చీటీలో ఉపగ్రహపు వేళ అని వేఱుగా కనబడునది అంతర్జాతీయ కాలము. అది మన వేళకు ఐదున్నర గంటలు వెనుక నుండును. ఉదయము పది గంటలకు తీసిన చిత్రమునకు నాలుగున్నర యని కనబడును. చీకటిలో ఇంత వెలుగు ఎట్లు వచ్చినదని ఎవరైన ప్రశ్నించినపుడు ఈ సంగతి తెలిసియుండుట మంచిది.

చోటు తెలిసినంతనే సరిపోదు

అంకెలు గొప్పవే. ఊళ్ళ పేర్లు, జిల్లాల పేర్లు మారును, అంకెలు మారవు. చీరాలనే చూడుడు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడువరకు అది గుంటూరు జిల్లాలోనిది. 1972లో ఆ కొత్త జిల్లా ప్రకాశం జిల్లాయైనది. 2022 ఏప్రిల్ 4 నుండి చీరాల బాపట్ల జిల్లాలో చేరినది. ఒక్క మనిషి జీవితములో నాలుగు జిల్లా పేర్లు! కొత్తపాలెము అను పేరు గల ఊళ్ళు మన సీమలో ఎన్ని కలవో లెక్కింపుడు. పేరొక్కటే వ్రాసిన ఫోటో ఇట్టిచోట దారి తప్పును.

కాని అంకెలొక్కటే వ్రాసిన ఫోటోకు వేఱొక లోపము కలదు. అది ఎచ్చట అనునది చెప్పునే గాని ఏమిటి, ఎవరిది, ఎందుకు అనునవి చెప్పదు. పైగా అది చెప్పు చోటు ఫోను ఉన్న చోటు. ఫోటోలోని వస్తువు ఉన్న చోటు కాదు. చెరువు కట్ట మీద నిలిచి ఆవలి గట్టున తెగిన తూమును తీసినచో అంకెలు ఈవలి గట్టువే యగును.

అమరావతి మహాస్తూపపు శిల్పములకు జరిగినదానిని ఈ సందర్భమున తలచుకొనవచ్చును. మన దీపాలదిన్నె శిల్పములను కర్నల్ కాలిన్ మెకంజీ 1816–17 సంవత్సరములలో తన చిత్రకారులచేత గీయించెను. ఆయన స్వయముగా సర్వేయరు. భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్. అందువలన బొమ్మలతోపాటు స్థలపు పటములను గీయించెను. అనేక చిత్రములపై శిల్పము ఏ దిక్కున కనబడినదో, ఏనాడు గీసినదో వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకములు మద్రాసుకు తరలినవి. 1858లో కెప్టెన్ లినియస్ ట్రైప్ వాటిని అచ్చటనే ఫోటోలు తీసెను. చక్కని ఫోటోలవి, ఉలి గీతలు సైతము కనబడును. కాని అప్పటికే రాళ్ళు తమ చోటు విడిచినవి. మరుసటి సంవత్సరము అందు అనేకము లండనుకు పోయినవి. ఏ ఫలకము స్తూపమునకు ఏ దిక్కున నిలిచియుండెనో తెలిసికొనగోరిన పండితులు ట్రైప్ ఫోటోల కంటె ముందు, ఆయన పుట్టకముందు గీసిన మెకంజీ చిత్రములను, వాటి అంచున వ్రాసిన నాలుగు మాటలను ఆశ్రయింపవలసి వచ్చినది.

మన పొలమునకు తిరిగి వత్తము. అక్షాంశ రేఖాంశముల నుండి సర్వే నంబరు తెలిసికొనవచ్చును. సర్వే నంబరు నుండి పట్టాదారు పేరు తెలియును. అంతటితో అయినదా? మునిగిన మిరపకు విత్తనము, ఎరువు, పురుగుమందు, కూలి పెట్టినది పలుచోట్ల కౌలుదారు. ఈ మైదానములో కౌలు సేద్యము ఎంతగా నున్నదో సభ్యులకు వేఱుగా చెప్పనక్కరలేదు. ఉపగ్రహము ఎకరము నెవరిదో పరోక్షముగా తెలుపగలదు గాని పంట ఎవరిదో ఎరుగదు. రాష్ట్రములో 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము పదునొకండు నెలల కాలపరిమితితో సాగుదారులకు పత్రములు ఇచ్చిరి. అట్టి పత్రమున్నవారి సంగతి కొంత మేలు. నోటిమాట మీద కౌలు చేయువారికి అదియును లేదు. అట్టివారి చేను ఫోటో క్రింద ‘సాగు చేయుచున్నవారు’ అని ఒక పేరు, ఆనాటి తేదీతో, ఇద్దరి యెదుట వ్రాసియుంచుట ఎంతటి సాయమో ఆలోచింపుడు. అది హక్కు పత్రము కాదు. అట్లు చెప్పుట మోసమగును. కాని గ్రామసభలో విచారణ జరిగినపుడు మాటకు ఒక ఆధారమగును.

ఎట్లు వ్రాయవలెను?

‘వరదలో మా పొలము’ అని వ్రాసినది వివరణ కాదు. దానికి బదులు ఈ విధముగా వ్రాసినచో చాలును: ‘నీట నిలిచిన మిరప తోట. నాటిన 80వ దినము. ఫలానా గ్రామము, మండలము, సర్వే నంబరు. పెద్ద డొంకకు తూర్పున రెండవ చేను. 2023 డిసెంబరు 8, ఉదయము 9 గంటలు. నీరు 5వ తేదీ రాత్రి చేరినది. నేటికిని బోదెలు నిండియున్నవి. రెండెకరములలో పల్లపు ఎకరము మాత్రము మునిగినది. నైఋతి మూల గట్టుపై నుండి ఈశాన్యముగా చూచుచు తీసినది. పట్టాదారు ఫలానా, సాగు చేయుచున్నవారు ఫలానా. తీసినవారు 4వ వార్డు సభ్యులు.’ ఇందు ‘పల్లపు ఎకరము మాత్రము’ అను మాటను గమనింపుడు. రెండెకరములును మునిగినవని వ్రాయుటకు మనసు లాగును. కాని విచారణకు వచ్చిన అధికారి మెరకన నిలిచిన పచ్చని తోటను చూచినపుడు, ఆ యొక్క అబద్ధము తక్కిన నిజములన్నిటిని ముంచివేయును.

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన వర్తించు పంటలకు స్థానిక వైపరీత్యములందును, కోసి ఆరబెట్టిన పంట తడిసినపుడును 72 గంటలలోపల నష్టమును తెలియజేయవలెనని నియమము కలదు. కావున వివరణలో తేదీయేగాక గంట కూడ వ్రాయుట అనవసరము కాదు.

తెగుళ్ళ విషయమున వివరణ మరింత ముఖ్యము. 2021లో నల్ల తామరపురుగు మిరప తోటలపై పడినపుడు రైతులు ఎన్నియో ఫోటోలు పంపిరి. ముడుచుకొనిన ఆకు ఫోటోలో ఒక్క తీరుగనే కనబడును. ఆకు అంచులు పైకి ముడిచినచో తామరపురుగు, క్రిందికి ముడిచినచో నల్లి యని రైతులు పై ముడత, క్రింది ముడత అని విభజించి చెప్పుదురు. బొబ్బర తెగులు మరియొకటి. నల్ల తామరపురుగు పూవులో గుంపుగా చేరును. కావున ఆకు ఫోటో ఎన్ని తీసినను అది చిక్కదు. గుంటూరు చెంత లాం పరిశోధనా స్థానపు శాస్త్రవేత్తకు చిత్రము పంపునపుడు పూవును విప్పి దగ్గరగా తీసి, పది మొక్కలలో ఎన్నింటికి సోకినది, నాటి ఎన్ని దినములైనది, ఏ మందు ఎప్పుడు కొట్టినది వ్రాసినచో సమాధానము త్వరగా వచ్చును. పత్తిలో గులాబిరంగు పురుగు సంగతియు ఇంతే. కాయను పగులదీసి చూపవలెను.

నిర్మాణపు పనులకు వేఱొక జాగ్రత్త. ఒకే డొంకపై మూడు చప్టాలున్నవనుకొందము. నడిమిది విరిగినది. ఫోటో తీసి పంపిరి. ఏడాదికి ఇంజనీరు వచ్చినపుడు సభ్యుడు మారినాడు, మొదటి చప్టా కూడ బీటలు వారినది. ఏది మంజూరైనదో తెలియక పని నిలిచినది. ఇట్లు కాకుండవలెనన్నచో ఫోటోలో కదలని గుర్తు ఒకటి పడవలెను: గుడి శిఖరము, మంచినీళ్ళ ట్యాంకు, నంబరు వేసిన కరెంటు స్తంభము. చెట్టును నమ్మరాదు, అది రేపు ఉండకపోవచ్చును. పనికి ముందు తీసిన చోటనే నిలిచి, అదే దిక్కుగా, పని ముగిసిన పిదప తీయవలెను. గుంత లోతు తెలియుటకు గడకర్ర నిలిపి తీయుట పాతపద్ధతియే గాని దానికి మించినది లేదు.

వివరణను ఎచ్చట వ్రాయవలెననగా, ఫోటోలోనే వ్రాయవచ్చును. ఫోనులో చిత్రమును తెరచి ‘వివరములు’ అను భాగమునకు పోయినచో పలు ఫోనులలో వ్రాయుటకు చోటు కనబడును. కంప్యూటరుపై ఫైలు లోపల వివరణ, తీసినవారి పేరు, స్థలము చేర్చుటకు ప్రపంచ వార్తాపత్రికల సాంకేతిక మండలి ఏర్పరచిన గడులు కలవు; తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. అయినను పంచాయతీలో ఒక రిజిస్టరు పుస్తకము ఉంచుడని నా సలహా. ఫోటో వరుస నంబరు, తేదీ, అంకెలు, రెండు మూడు వాక్యముల వివరణ. ఫోను నీటిలో పడినను పుస్తకము మిగులును.

పంపుటలో పోవునది

ఇంత శ్రమపడి చీటీ కుట్టిన ఫోటోను వాట్సాప్ గుంపులో మామూలు ఫోటోగా పంపినచో ఆ చీటీ ఊడిపోవును. చిత్రము చిన్నదగును, అక్షాంశ రేఖాంశములు తొలగిపోవును. అవతలివారికి చేరునది మరల ఊరు పేరు లేని చిత్రమే. అదే ఫోటోను ‘డాక్యుమెంటు’గా జతపరచి పంపినచో యథాతథముగా చేరును. మండల కార్యాలయమునకు పంపు ప్రతి చిత్రమును ఈ రెండవ విధముననే పంపవలెను.

కొందరు ఫోటో మీదనే తేదీ, చోటు, చిన్న పటము అచ్చు వేయు యాప్‌లను వాడుచున్నారు. వాట్సాప్‌లో పోయినను ఆ అచ్చు నిలుచును. అది వాటి మేలు. కాని ఆ అచ్చులో వచ్చు ఊరి పేరును సరిచూచుకొనుడు. పటము వారికి మన ఊరు తెలియనిచోట ప్రక్క ఊరి పేరు వేయుదురు. అసలు ఫైలును మాత్రము ఎన్నడును చెరుపరాదు, కత్తిరింపరాదు, రంగులు దిద్దరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమపు 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ ఆధారమును కోర్టులో చూపునపుడు ధ్రువపత్రము జతపరచవలెను. భూవివాదముగాని, ఆక్రమణ వ్యాజ్యముగాని నడచుచున్నచోట అసలు ఫైలు, తీసిన ఫోను, తీసిన మనిషి మూడును తెలిసియుండుట అవసరము.

స్థాన వివరమున్నంత మాత్రమున చిత్రము సత్యము పలుకునని నమ్మరాదు. ఉపాధి హామీ పనిచోట్ల దినమునకు రెండు పర్యాయములు స్థాన వివరముతో కూలీల ఫోటో తీయుట, వ్యక్తిగత లబ్ధిదారుల పనులకు తప్ప, 2023 జనవరి 1 నుండి తప్పనిసరి చేయబడెను. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రములకు వ్రాసిన లేఖ ఏమి తెలిపినది? పనికి సంబంధము లేని చిత్రములు పంపుట, ఫోటోకు ఫోటో తీసి పంపుట, చిత్రములోని మనుష్యుల లెక్కకు హాజరు లెక్కకు పొంతన లేకుండుట కనబడినవని. యంత్రము చోటును చూచినది. మనిషి చిత్రమును చూడలేదు. ఆ చిత్రములను గ్రామములో నలుగురి యెదుట తెరచి చూపినచో ఎవరు వచ్చిరో, ఎవరు రాలేదో ఊరివారు క్షణములో చెప్పియుందురు.

మరియొక ప్రక్కను మరువరాదు. చోటు కుట్టిన ఫోటో ఇంటి గుట్టును బయటపెట్టును. మరుగుదొడ్డి ముందు నిలిపిన స్త్రీ చిత్రము, బడిపిల్లల చిత్రము, పెన్షను తీసికొను ఒంటరి వృద్ధురాలి ఇంటి చిత్రము అక్షాంశ రేఖాంశములతో సహా గుంపులలో తిరుగుట క్షేమము కాదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము సంగతి అటుంచి, మన ఆడపడుచు ఇంటి గుమ్మమును అపరిచితులకు పటముపై చూపుదుమా? కార్యాలయమునకు చేరవలసినది డాక్యుమెంటుగా కార్యాలయమునకే చేరవలెను. పదిమంది చూచుటకు పెట్టునది చోటు తొలగించి పెట్టవలెను. వాట్సాప్ చీటీని ఊడదీయుట ఇచ్చట మేలే చేయును!

పాత చిత్రముల మాట

ఇప్పటికే ఫోనులలో పడియున్న వేలకొలది చిత్రములను ఏమి చేయవలెను? స్థానము లేనివాటికి తరువాత చేర్చుటకు వీలు కలదు. ‘ఎగ్జిఫ్‌టూల్’ అను ప్రోగ్రాము ఉచితముగా దొరకును. కంప్యూటరు తెలిసిన యువకుడు ఒక పూటలో నేర్చుకొనగలడు. పటముపై చోటు చూచి అంకెలను ఫైలులో చేర్చును. ఫోనులోని కొన్ని ఫోటో సేవలలో చేతితో చేర్చిన చోటు ఆ సేవ లెక్కలోనే యుండును గాని ఫైలులోనికి దిగదు. వేఱొకచోటికి పంపినపుడు వెంట రాదు. ఈ భేదము తెలిసికొని చేయవలెను. తరువాత చేర్చినదానిని తరువాత చేర్చినట్లే వివరణలో వ్రాయవలెను: ‘చోటు 2026లో ఊరి పెద్దలు చెప్పగా పటముపై చూచి చేర్చినది’ అని. ఈ యొక్క వాక్యము లేనిచో అది నమ్మకమును చెరచును.

చోటును కంప్యూటరు చేర్చును. వివరణను మాత్రము మనుష్యులే చెప్పవలెను. మిచాంగ్ నాటి చిత్రములను ఫోనుల నుండి ఒకచోటికి చేర్చి, పంచాయతీ కార్యాలయపు గోడ మీద ఒక్కొక్కటే చూపుడు. నీరుకట్టు పని చేసినవారిని, పత్తి తీతకు పోయిన కూలీ స్త్రీలను, గొఱ్ఱెల కాపరులను పిలువుడు. పట్టాదారుకు తన చేను మాత్రమే తెలియును. వీరికి అన్ని చేలు తెలియును. ఆ తుమ్మచెట్టు ఏ గట్టుదో, ఆ నీరు ఏ బోదె తెగి వచ్చినదో వారు చెప్పగా ఒకరు రిజిస్టరులో వ్రాసికొనుడు. ఈ పని మిరప తీతలు ముగిసి కల్లములు ఖాళీయైన వేసవి సాయంకాలములలో సులభముగా జరుగును. వర్షములు పడినచో ఎవరును దొరకరు.